కూత తెగిన చోటు

అబిడ్స్,
10 జూన్ 2002

పెద్దనాన్న గారికి జిప్పోరా వందనాలు.

నేను మీ తమ్ముడు రూఫస్ గారి అమ్మాయిని. మీరు నన్ను ఎప్పుడూ చూడలేదు. ప్రతి క్రిస్మస్‌కు అమ్మ మీకు పంపే కార్డులో చివరన ఉండే పేరు నాదే. ఈ ఉత్తరం అమ్మకు చెప్పి, నాన్నకు చెప్పకుండా రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, గన్‌ఫౌండ్రీలో నాన్న నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు ఇంటర్నెట్ సెంటర్ అయింది. టైపు మిషన్లు పోయి పది కంప్యూటర్లు వచ్చాయి. డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే కూర్చుంటున్నాను. చుట్టుపక్కల కాలేజీల కుర్రాళ్లు వచ్చి తుపాకుల ఆట ఆడుకునేవాళ్లు. పొద్దస్తమానం కాల్పులే. పక్క గదిలో వకీలు అమరేశ్వరరావు గారు ఉంటారు, నాంపల్లి కోర్టులో ప్రాక్టీసు. కాల్పుల మధ్య క్లయింట్లు చెప్పేది వినబడటం లేదని మాకు నోటీసు పంపారు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే, అయినా రిజిస్టర్డ్ పోస్టులో పంపారు.

నాన్నకు మొదటి నుంచీ ఆ ఆట గిట్టదు. "చర్చికి పోయేటోళ్లం, మన రూముల గీ చంపుకునుడేంది" అని ఆపించేశారు. కుర్రాళ్లు రావడం మానేశారు. సెంటర్ బోసిపోయింది. అందుకని నేనూ, నాతో పనిచేసే బాలరాజూ ఒక ఆలోచన చేశాం. అదే ఆట, అదే కుర్రాళ్లు, తుపాకులు మాత్రం తీసేసి కబడ్డీ పెడదామని. ఇలా ఒకరు చేసిన ఆటను మన చేత్తో మార్చుకోవడాన్ని మాడ్ అంటారు.

చిక్కు ఏమిటంటే, మా ఇద్దరికీ కబడ్డీ సరిగ్గా రాదు. బాలరాజు నాంపల్లిలో తన గల్లీలో ఆడాడట. అక్కడ గట్టిగా కొట్లాడినవాడే గెలిచినట్టు. నాన్నను అడిగాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి వెళ్లి, రెండు డజన్ల అరటిపళ్లు తెచ్చారు. ఇంట్లో అప్పటికే ఒక డజను ఉన్నాయి. మళ్లీ అడిగితే ఏం తెస్తారోనని అడగలేదు. అమ్మే చెప్పింది, మీరు మెదక్‌లో డ్రిల్లు మాస్టారుగా చేశారని, కబడ్డీకి రిఫరీగా ఉండేవారని, ఒక మ్యాచ్ దగ్గర మీకూ నాన్నకూ మాటలు పోయాయని. ఏం జరిగిందో తనకూ తెలియదంది.

గ్రౌండ్ కొలతలు ఎంత, ఎంతమంది ఆడాలి, చచ్చినవాణ్ణి ఎలా లేపాలి, ఈ మూడూ రాసి పంపగలరా?

మీరు చూడని కూతురు,
జిప్పోరా

*

మెదక్,
17 జూన్ 2002

అమ్మా జిప్పోరా,

ప్రభువు నిన్ను కాపాడును గాక. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నేను, రెండుసార్లు మీ పెద్దమ్మ డోరా కోసం.

ముందు సంగతి ముందు. రూఫస్ రాయమన్నాడా? రాయమని ఉంటే వాడే రాయాలి. రాయమనకపోతే నువ్వు రాసినట్టు వాడికి చెప్పకు.

ఏం జరిగిందో మీ అమ్మకు తెలియదన్నావు. దాచడానికేమీ లేదు. 1979లో ఇక్కడ యువజనుల టోర్నమెంటు ఫైనల్. నేను రిఫరీ. రూఫస్ కూతకు వెళ్లాడు. వాడికి అప్పుడు ఇరవై రెండేళ్లు, నాయన పోయాక నేనే పెంచాను, కూత నేర్పింది కూడా నేనే. అవతలి జట్టులో ఇద్దరిని తాకి తిరిగి వస్తున్నాడు. మధ్య గీతకు రెండడుగుల ముందు వాడి కూత తెగింది. నేను సీటీ ఊదాను. రూఫస్ జట్టు ఓడిపోయింది. రైల్వే జట్టుకు ఆటగాళ్లను ఎంచుకోవడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు వాడి పేరు కొట్టేసి వెళ్లారు. ఆ వారంలోనే వాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. నా తీర్పులో తప్పు లేదు. పెద్దవాణ్ణి, నేను వెళ్లి బతిమాలడం ఏమిటి?

ఇక నీ పని. తుపాకులు పట్టిన కుర్రాళ్లను కబడ్డీ వైపు తిప్పడం చిన్న విషయం కాదు. వాళ్లు అడవిలోంచి వచ్చినవాళ్లా, ఎవరి మనుషులు అని నేను అడగను. నువ్వూ రాయకు. ఉత్తరాలు విప్పి చదివేవాళ్లుంటారు. వకీలు గారు పోలీసులకు చెప్పకుండా నోటీసుతో సరిపెట్టారంటే ఆయన దేవుడి లాంటి మనిషి. ఈసారి కనబడితే నా వందనాలు చెప్పు.

పన్నెండున్నర మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు. చచ్చినవాడు బయట కూర్చోవాలి. అవతలివాడు ఒకడు చస్తే ఇవతలివాడు ఒకడు లేస్తాడు, ముందు చచ్చినవాడు ముందు. నేల మెత్తగా ఉండాలి. ఎర్రమట్టిలో రంపపు పొట్టు కలపండి. మాడ్ అన్నది నాకు తెలియదు గానీ పట్టు పట్టేటప్పుడు ఎవరి మాడూ పగలకుండా చూసుకోండి.

ఫోన్ చేయవద్దు. పక్కింటి వాళ్ల ఫోన్ మేము చావు కబుర్లకే వాడతాం.

డెన్నిస్

*

అబిడ్స్,
2 జూలై 2002

పెద్దనాన్నా,

మీ ఉత్తరం రాగానే బాలరాజు చదివి, మాస్టారు అంటే ఇలా ఉండాలి అన్నాడు. నాన్న రాయమనలేదు. ఆయనకు తెలియదు. మ్యాచ్ సంగతి చదివి నాకు బాధేసింది, మీ ఇద్దరి కోసమూ.

గ్రౌండ్ మూడు రోజుల్లో అయిపోయింది. బాలరాజు ఒక్కడే చేశాడు. అతను పగలు పెళ్లికార్డులు డిజైన్ చేస్తాడు కాబట్టి గీతల చుట్టూ మామిడాకుల తోరణం కూడా వచ్చింది. తీసేయమంటే నొచ్చుకున్నాడు, ఉంచేశాం. మీరు చెప్పిన కొలతలే. అయినా ఇబ్బందులున్నాయి. ఆటగాళ్లు మోకాళ్ల దాకా నేలలోకి దిగిపోతున్నారు. ఒకతను నిన్న గాలిలో నిలబడిపోయాడు, పావుగంట చూశాం, దిగలేదు.

అన్నిటికన్నా పెద్ద సమస్య చేతులు. ఎవరికీ చేతులు లేవు. తుపాకులతో పాటే చేతులూ పోయాయి. రెండు వారాలుగా చూస్తున్నాం, మళ్లీ తెప్పించడం మా వల్ల కావడం లేదు. అందరూ అలాగే ఆడుతున్నారు. మొదటిరోజు కాస్త నవ్వుకున్నారు గానీ ఇప్పుడు అలవాటైపోయింది. చేతుల్లేకుండా ఎదుటివాణ్ణి తాకినట్టు ఎలా లెక్క?

పెద్దమ్మకు వందనాలు.

జిప్పోరా

*

మెదక్,
14 జూలై 2002

అమ్మా జిప్పోరా,

ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి, ఎండగా ఉందని సాకు చెప్పిన పిల్లల్ని ఎందరినో చూశాను. చేతులు పోయి కూడా ఆడుతున్నవాళ్లను చూడలేదు. వాళ్లను చూసి నవ్వుకున్నవాళ్లెవరో వాళ్లకు బుద్ధి చెప్పు.

రూలు మీకు అనుకూలంగానే ఉంది. కాలితో తాకినా తాకినట్టే. పట్టు మాత్రం కాళ్లతో వేయకూడదు, ఒంటితో అడ్డుకోవాలి. మనసులు చిన్నబుచ్చుకోవద్దని చెప్పు. నేల దిగబడుతున్నదంటే నీళ్లు ఎక్కువయ్యాయి. రెండు రోజులు ఎండనిచ్చి, పొట్టు కలిపి, రోలరు తిప్పండి. గాలిలో నిలబడ్డ అతని సంగతి నాకు అర్థం కాలేదు. ఎగరవచ్చు గానీ దిగాలి.

మీ పెద్దమ్మ ఆదివారం స్త్రీల సమాజంలో ఈ సంగతి చెప్పింది. అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. ప్రత్యేక ప్రార్థన చేశారు. చలికాలం వచ్చేలోగా అందరికీ స్వెటర్లు అల్లాలని తీర్మానించారు, చేతులు లేనివి. ఎనిమిది అయ్యాయి, మిగతావి అల్లుతున్నారు. అయినంతవరకు పార్శిలు చేస్తున్నాను.

ఒక మాట మాత్రం అడగాలి. ఇంతవరకు నువ్వు కూత సంగతి ఎత్తలేదు. కబడ్డీ అంటే తాకడం, పట్టడం కాదు. ఒక్క దమ్ము మీద అవతలికి వెళ్లి, ఆ దమ్ము ఉండగానే ఇవతలికి రావాలి. కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి. మధ్యలో ఊపిరి తీస్తే చచ్చినట్టే. అది వినడానికి మీ దగ్గర చెవులున్న రిఫరీ ఎవరున్నారు? అది లేకపోతే మీరు ఆడుతున్నది కబడ్డీ కాదు, తోపులాట.

రూఫస్ వచ్చి చూస్తాడా? చూస్తే ఏమంటాడు? ఊరికే అడిగాను.

డెన్నిస్

*

అబిడ్స్,
1 ఆగస్టు 2002

పెద్దనాన్నా, పెద్దమ్మా,

ఇద్దరూ నన్ను క్షమించాలి. పార్శిలు విప్పాకే మీరు ఏమనుకున్నారో నాకు అర్థమైంది. తప్పంతా నాది. నాకు రోజూ చూసే వస్తువు కాబట్టి అందరికీ తెలుసనుకుని రాశాను.

ఇది కంప్యూటరు తెర మీద ఆట. కుర్రాళ్లు కుర్చీల్లో కూర్చుని బటన్లు నొక్కుతారు, తెర మీద బొమ్మలు పరిగెడతాయి. కాల్చుకునేదీ బొమ్మలే, చచ్చేదీ బొమ్మలే. చేతులు పోయింది కూడా బొమ్మలకే. ఆట చేసినవాళ్లు తుపాకీనీ చేతినీ ఒకే బొమ్మగా గీశారు, మేము ఒకటి తీసేస్తే రెండోదీ పోయింది. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు బీకాం చదువుతారు. అందరికీ రెండేసి చేతులున్నాయి. వాళ్లలో ఎవరూ అడవిని చూడనే లేదు.

స్వెటర్లు తిప్పి పంపిస్తాననే అనుకున్నాను. ఈలోగా నాన్న వచ్చారు. ఇవెక్కడివని అడిగారు. అబద్ధం నోటికి రాలేదు. మెదక్ నుంచి, పెద్దమ్మ వాళ్లు అల్లారని చెప్పాను. నాన్న పార్శిలు మీది మీ చేతిరాత కాసేపు చూశారు. అన్నిటికన్నా పెద్ద స్వెటరు తీసి తొడుక్కుని వెళ్లి కౌంటర్లో కూర్చున్నారు. ఆగస్టులో ఉక్కపోతకు మేమంతా విసనకర్రలు తెచ్చుకుంటుంటే ఆయన అప్పటి నుంచీ రోజూ స్వెటరుతోనే వస్తున్నారు. మిగతా ఏడూ ఉంచేశాను.

కూత గురించి మీరు అన్నది నిజం. దానికి ఒక ఉపాయం దొరికింది. ప్రతి కంప్యూటరుకు చిన్న మైకు పెట్టాం. కూతకు వెళ్లేవాడు మైకులో కబడ్డీ కబడ్డీ అనాలి. శబ్దం తెర మీద గీతలా నడుస్తుంది. గీత తెగితే బొమ్మ చచ్చిపోతుంది. అంటే రిఫరీ ఇక మిషనే. కానీ మంచి కూత ఎలా ఉంటుందో మిషనుకు ముందు వినిపించాలి. బాలరాజు చేత అనిపించాం. పదకొండు సెకన్లకు దగ్గొచ్చింది. మెదక్‌లో ఎవరిదైనా మంచి గొంతు ఉంటే చెప్పండి.

సిగ్గుపడుతూ,
జిప్పోరా

*

మెదక్,
12 ఆగస్టు 2002

జిప్పోరాకు,

కూర్చుని ఆడే కబడ్డీ. సరే.

స్త్రీల సమాజానికి నేనే వెళ్లి చెప్పాను. బొమ్మల కోసం ప్రార్థించామా అని ఒకామె అడిగింది. అవునన్నాను. చేసిన ప్రార్థన వెనక్కి తీసుకునే పద్ధతి లేదని పాస్టరు గారు చెప్పారు. సగం అల్లిన స్వెటర్లకు ఇప్పుడు చేతులు పెడుతున్నారు. మీ పెద్దమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఉత్తరం చదివి వినిపించింది నేనే కాబట్టి.

మిషను రిఫరీ అన్నావు. దానికి అన్నదమ్ములు లేరు. అదొక మేలు.

మంచి గొంతు కోసం మెదక్ దాకా ఎందుకు? జిల్లా మొత్తం మీద రూఫస్‌ను మించిన కూత నేను వినలేదు. స్కూలు గేటు దగ్గర నిలబడితే గ్రౌండు అవతలి నుంచి వినబడేది, కుక్కరు ఈలలాగా ఒకే తీరుగా. వాణ్ణి అడుగు. అడిగేటప్పుడు నా పేరు ఎత్తకు, అరటిపళ్లకు వెళ్లిపోతాడు.

వాడు ఆ స్వెటరు ఇంకా వేసుకుంటున్నాడా? అది మీ పెద్దమ్మ అల్లిందే.

డెన్నిస్

*

అబిడ్స్,
9 సెప్టెంబరు 2002

పెద్దనాన్నా,

ఈ ఉత్తరం మీరు కూర్చుని చదవండి. పెద్దమ్మకు తర్వాత చదివి వినిపించవచ్చు.

శనివారం మధ్యాహ్నం సెంటర్లో ఎవరూ లేరు. నాన్నను అడిగాను, మిషనుకు ఒక మంచి కూత కావాలని. ఎవరు వింటారన్నారు. మిషనే వింటుంది, తెగితే చెబుతుందన్నాను. తర్వాత లేచి షట్టరు సగానికి దించి, స్వెటరు విప్పి మడతపెట్టి, మైకు ముందు నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఒక నిమిషం పన్నెండు సెకన్లు. తెర మీద గీత ఎక్కడా తెగలేదు. బాలరాజు చప్పట్లు కొట్టాడు. నాన్నకు సంతోషం కలిగినట్టు లేదు. గీత వంకే చూస్తూ "దీనికి చెవులు లేవు" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు బాలరాజు ఆ రికార్డింగును నెమ్మదిగా నడిపించాడు. మామూలుగా వింటే ఏమీ తెలియదు. నెమ్మదిగా వింటే అక్కడక్కడా ఒక కబడ్డీ వెనక గాలి సుయ్యిమంటుంది. లోపలికి పోయే గాలి.

నాన్న స్టూలు లాక్కుని కూర్చుని చెప్పారు. పది కబడ్డీలు ఊపిరి వదులుతూ అంటారట. పదకొండోది ఊపిరి పీలుస్తూ అంటారట. శబ్దం ఆగదు, దమ్ము మాత్రం నిండుతుంది. స్కూల్లో ఉన్నప్పుడు జలుబు చేసి, ముక్కు మూసుకుపోయి, అనుకోకుండా అబ్బిందట. అప్పటి నుంచీ అన్ని మ్యాచుల్లోనూ అదే. ఎవరికీ చెప్పలేదు. ఆయన అన్న మాటలు అలాగే రాస్తున్నాను.

"జిల్లాల ఒక్కడు పట్టలే. గా దినం ఫైనల్ల అన్న పట్టిండు. ఓ దిక్కు బ్యాండు, ఓ దిక్కు జనం ఒర్లుడు. గంతల గా గాలి ఇనుడంటే మాటలా? సీటీ ఊదంగనే తెల్సిపోయింది, దొరికిపోయిన అని. పెంచి కూత నేర్పిన అన్న ముంగట దొంగనైన. మల్ల ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

పెద్దనాన్నా, ఇన్నాళ్లూ ఆయన కోపంతో రావడం లేదని అమ్మ అనుకుంది, నేను అనుకున్నాను, మీరూ అనుకున్నారు. సిగ్గుతో రాలేదట. మీరు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నారని, అది మీ పెద్ద మనసని అన్నారు. మీ చెవులకు మొక్కాలి అన్నారు. ఇదంతా మీకు రాయవద్దన్నారు. నేను రాశాను. ఇక మీరు ఒక్క మాట రాస్తే చాలు, ఆయన బయల్దేరి వస్తారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

మీ
జిప్పోరా

*

మెదక్,
23 సెప్టెంబరు 2002

జిప్పోరా,

జవాబు ఆలస్యమైంది. నాలుగుసార్లు రాసి చించేశాను. ఈ ఉత్తరం నీ పేరున వస్తోంది గానీ నీది కాదు. రూఫస్‌కు చదివి వినిపించు. వాడికిస్తే మధ్యలో ఆపేస్తాడు, నువ్వే చదువు.

నేను ఏమీ వినలేదు.

బ్యాండు వాళ్లు సరిగ్గా నా వెనక ఉన్నారు. డప్పు నా వీపు మీద కొట్టినట్టే ఉంది. రూఫస్ పెదవులు కదలడం కనబడుతోంది, అంతే. వాడు కబడ్డీ అంటున్నాడో, కీర్తన పాడుతున్నాడో దేవుడికే తెలియాలి. నాకు స్పష్టంగా వినబడింది ఒక్కటే. గట్టయ్య అనే పక్క స్కూలు మాస్టారు గీత పక్కనే కూర్చుని ఆట మొదలైనప్పటి నుంచీ ఒకటే మాట అంటున్నాడు. "సీటీ అన్న చేతుల, కూత తమ్ముని నోట్ల, ఇగ మనమెందుకు ఉన్నం?" ప్రతిసారీ పక్కవాళ్లు నవ్వుతున్నారు.

రూఫస్ ఇద్దరిని తాకి తిరిగాడు. వాడు గీత దాటితే గెలుస్తాడు. గెలిస్తే ఊరంతా నన్ను ఏమంటుందో నాకు కనబడింది. భయం వేసింది. ఊదాను. ఊదాక చెయ్యెత్తి, కూత తెగింది అన్నాను. అందరూ డెన్నిస్ మాస్టారంటే ధర్మరాజు అన్నారు. సొంత తమ్ముణ్ణి కూడా చూడలేదన్నారు. ఆ పేరుతోనే ఇరవై ఏళ్లు రిఫరీగా బతికాను.

అన్యాయం చేశానని తెలిసే ఇన్నాళ్లూ నీ ముందుకు రాలేదు, రూఫస్. నువ్వు రావాలి అని అందరితో అంటూ వచ్చాను గానీ నువ్వు వస్తే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇప్పుడు పిల్ల రాసింది చూస్తే తీర్పు సరైనదేనని తేలింది. డోరా ఇది మంచి వార్తా, చెడు వార్తా అని అడిగింది. అప్పుడు నువ్వు చేసింది నాకు తెలియదు. తెలియకుండానే నీ ఉద్యోగం, నీ ఊరు, రెండూ తీసేశాను. నా చెవులకు మొక్కవద్దు.

ఇది దాచిపెట్టి, నువ్వు అనుకున్న అన్నగా నీ ముందు నిలబడవచ్చు. డోరా కూడా మొదట అదే అంది. నా వల్ల కాదు.

డెన్నిస్

*

అబిడ్స్,
5 అక్టోబరు 2002

పెద్దనాన్నా,

చదివి వినిపించాను. ఏమీ వినలేదు అన్న మాట మళ్లీ చదవమన్నారు. చదివాను. మూడోసారి కూడా చదివించుకున్నారు. తర్వాత లేచి, "ఇనకుండ ఊదిండా?" అని ఒక్కటే అన్నారు. అది కూడా నాతో కాదు, గోడతో అన్నారు.

నేను ఆయన్ని ఇంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పోనీ మీరూ తప్పు చేశారు కదా నాన్నా అన్నాను. "నా తప్పు నాది, ఆయినెకేం ఎరుక?" అన్నారు.

ఇక్కడ కబడ్డీ బాగా నడుస్తోంది. చేతులు కూడా తిరిగి వచ్చాయి. సాయంత్రమయితే పదిమంది కుర్రాళ్లు మైకుల్లో ఒక్కసారిగా కబడ్డీ కబడ్డీ అంటారు. వకీలు గారి దగ్గర నుంచి రెండో నోటీసు వచ్చింది. తుపాకులే నయమని, వాటిని పునరుద్ధరించవలసిందని అందులో ఉంది. ఇలాంటివి చెబితే నాన్న నవ్వుతారు. నవ్వలేదు.

ఈ ఉదయం లేచి చూస్తే నాన్న లేరు. సెంటరు తాళాలు బల్ల మీద ఉన్నాయి. మెదక్ బస్సు ఎక్కుతున్నట్టు పాన్‌డబ్బా సదాశివకు చెప్పి వెళ్లారు. మాకు చెప్పలేదు. కొట్లాడటానికే వస్తున్నారని నా భయం. రెండేళ్ల కింద ఆయనకు బీపీ ఉందని తేలింది. అమ్మ దవాఖానలో డ్యూటీకి వెళ్లింది గానీ ప్రాణం ఇక్కడే ఉంది. ఈ ఉత్తరం అందేసరికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది, అయినా రాయకుండా ఉండలేకపోయాను. ఇదంతా నేను కూత రికార్డు చేయడం వల్లే వచ్చింది. వెంటనే జవాబు రాయండి.

జిప్పోరా

*

మెదక్,
7 అక్టోబరు 2002

తల్లీ జిప్పోరా,

మీ నాన్న బాగానే ఉన్నాడు. పక్క గదిలో నిద్రపోతున్నాడు. రేపు పొద్దున్న బస్సుకు వస్తాడు, ఈ ఉత్తరం కన్నా ముందే చేరతాడు. అడిగితే ఏమీ చెప్పడు కాబట్టి నేను రాస్తున్నాను.

శనివారం పన్నెండు గంటలకు తలుపు కొట్టాడు. నేనే తీశాను. ఇరవై మూడేళ్ల తర్వాత చూస్తున్నాను, జుట్టు సగం పోయింది, పొట్ట వచ్చింది. వందనం లేదు, ఏమీ లేదు. "ఇనకుండ ఎట్ల ఊదినవ్?" అన్నాడు. నేను కూడా వందనం చెప్పలేదు. "నువ్వు దొంగ కూత ఎట్ల కూసినవ్?" అన్నాను. డోరా వచ్చి ఇద్దరినీ లోపలికి రమ్మంది. రాలేదు. వాకిట్లోనే నిలబడి అరుచుకున్నాం. వాడు రైల్వే ఉద్యోగం అన్నాడు, నేను నాయన పేరు అన్నాను. వాడు గట్టయ్యను తిట్టాడు, నేను ఆ జలుబును తిట్టాను. పక్కింటి వాళ్లు ఎవరో పోయారనుకుని పరుగెత్తుకుంటూ వచ్చారు. విషయం తెలిశాక కూడా వెళ్లలేదు, గోడ మీద కూర్చుని విన్నారు.

రెండున్నరకు డోరా అన్నం పెట్టింది. తింటూ కూడా అరుచుకున్నాం. కూర బాగుందని మాత్రం వాడు మామూలు గొంతుతో అన్నాడు. ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చున్నాం. పాటల మధ్యలో వాడు నా చెవిలో ఏదో అన్నాడు, వాక్యం గురించి అనుకున్నాను, రైల్వే పెన్షను గురించి.

ఈ పొద్దున్న వాడు వాకిట్లో మడమతో ఒక గీత గీశాడు. బట్టలుతికే బండ దాకా పోయి వస్తానన్నాడు. అన్ని అడుగులూ ఒక్క దమ్ము మీదనే, లోపలికి పీల్చకుండా. "ఒక్కసారి ఇను" అన్నాడు. సీటీ స్కూలుకు ఇచ్చేశాను, నా దగ్గర లేదని చెప్పాను. "సీటీ ఎందుకు, ఇను" అన్నాడు.

పంచె ఎగ్గట్టి మొదలుపెట్టాడు. నేను వాడి పక్కనే నడిచాను, మూరెడు దూరంలో. బ్యాండు లేదు, గట్టయ్య లేడు. వాడి పెదవుల వంక చూడలేదు. గొంతు పాతదే, కాస్త బొంగురు పోయింది. బండ ముట్టుకుని తిరిగాడు. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. ఆపమందామనుకున్నాను, ఆపలేదు. గీతకు ఇంకా దూరం ఉండగానే తెగింది. ఇంత చిన్న శబ్దం, అయినా నేను విన్నాను. చెయ్యెత్తాను.

వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. డోరా నీళ్లు తెచ్చింది. నీళ్లు తాగి, నా వంక చూడకుండా అడిగాడు.

"యాడ తెగింది?"

"బండ ముట్టి తిరిగినంక నాలుగో అడుగుల. రెండో కబడ్డీ సగంల."

వాడు వెనక్కి తిరిగి, ఆ చోటు దాకా నడిచి వెళ్లి నిలబడ్డాడు.

"ఔ" అన్నాడు. "గాడనే."

నీ పెద్దనాన్న,
డెన్నిస్